నివురు కణం

క్యారేజీలో అన్నం పొగలు కక్కుతోందని మా ఆయన మురిసిపోతూ చెప్పినప్పుడు నాకు ఒళ్ళు మండింది. పొద్దున్నే వండి, చల్లార్చి, నా చేత్తో సర్దిచ్చిన అన్నం అది. మధ్యాహ్నానికి దానికి పొగలెక్కడివి?

"నువ్వేమన్నా అనుకో మద్దీ, గుహలో తిన్నంత రుచిగా ఇంట్లో ఎప్పుడూ తినలేదు," అన్నాడు దస్తగిరి పెరట్లో చేతులు కడుక్కుంటూ. ఆయన మా ప్రయోగశాల గుహలో మరమ్మతుల జట్టుకు పెద్ద. "క్యారేజీ తీసకపోయి ఆ ఇనుం మీద పెడితే సాలు. తినే ఏళకు ఎచ్చగా ఉంటాది. మా జట్టులో పిల్లోడు కంబగిరిగాడైతే నిన్న రాత్రి మిగిలిన సంగటి తెచ్చి ఎచ్చ జేసుకున్నాడు."

"ఏ ఇనుం మీద?"

"ఏ ఇనుమంటే ఏం చెప్పల్ల? మీ డిటెక్టర్ ఇనుమే."

"దాన్ని ఆపి నెల దాటింది కదయ్యా! కరెంటు గూడా తీసేసినాం. చల్లటి ఇనుం ఎట్ల ఎచ్చ జేస్తాది?"

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ నవ్వాడు. "ఏమో తల్లీ, సేఫ్టీ ఆఫీసరమ్మవు నువ్వు. నువ్వే చెప్పల్ల."

నవ్వితే ఆయనకు బుగ్గ మీద సొట్ట పడుతుంది. ఆ సొట్ట చూసే పెళ్ళికి ఒప్పుకున్నాను, అది వేరే సంగతి. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

మా ప్రయోగశాల ఎర్రమల కొండల కింద ఉంది. బేతంచెర్ల నాపరాయి గనులు దాటాక కొండ కడుపులో ఉంగరంలాగా సొరంగం తొలిచారు. ఆ సొరంగంలో ప్రోటాన్లను రెండు గుంపులుగా ఎదురెదురుగా పరుగెత్తించి ఢీకొట్టిస్తారు. ఢీకొట్టే చోట పెద్ద గుహ, గుహ నిండా డిటెక్టర్. లోపల మంచు కన్నా చల్లటి హీలియంలో మునిగిన అయస్కాంతం, దాని చుట్టూ మూడంతస్తుల ఎత్తున ఇనుము. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మమ్మల్ని చూసి, "కొండను తవ్వి ఎలుకను పట్టేది మీరేనా?" అని ఎగతాళి చేసేవారు. ఈ ప్రయోగానికి పెద్దదిక్కు వేదవల్లి మేడం. ఆవిడ ఆ మాటకు ఎప్పుడూ కోపం తెచ్చుకోలేదు. "ఎలుక దొరికినా నాకు చాలు నాయనా" అనేది.

ఆవిడ వెతికే ఎలుక ఇంతవరకూ ఎవరి కంటా పడని ఒక కణం. ప్రోటాన్లు ఢీకొన్నప్పుడు పుట్టే కణాలన్నీ క్షణంలో చెదిరిపోతాయి. ఇది మాత్రం బరువైనది, నిదానస్తురాలు. నాలుగడుగులు పోయి ఇనుములో చతికిలబడి నిద్రపోతుంది. రోజులకో నెలలకో మేలుకుని, తనలో ఉన్న శక్తినంతా విడిచి చచ్చిపోతుంది. పుస్తకాల్లో లెక్క అలా ఉంది. నిజంగా ఉందో లేదో దేవుడికి తెలియాలి. నివురుగప్పిన నిప్పులా ఉంటుందని మేడం దానికి 'నివురు' అని పేరు పెట్టింది.

దాన్ని వెతకడమంటే ప్రోటాన్లు తిరగనప్పుడు, యంత్రమంతా సద్దుమణిగినప్పుడు ఇనుములో ఎక్కడైనా మెరుపు మెరుస్తుందేమో చూడడం. ఇక్కడే వీళ్ళ పద్ధతి ఒకటి ఉంది. ఆశపడ్డ మనిషికి ఎండమావి కూడా చెరువులాగే కనబడుతుంది కదా, అందుకని వీళ్ళు తమ కళ్ళకు తామే గంతలు కట్టుకుంటారు. ఆ సద్దుమణిగిన వేళల్లో వచ్చిన కొలతలన్నీ తిన్నగా ఒక తాళం వేసిన పెట్టెలోకి పోతాయి. పెట్టె అంటే కంప్యూటర్లో పెట్టేలెండి. లెక్కలు కట్టే పద్ధతి అంతా ఖాయమయ్యాక, ముందే అనుకున్న రోజున, అందరి ఎదుటా తెరుస్తారు. అంతకుముందు ఎవరైనా తొంగి చూస్తే మూడేళ్ళ పని బూడిదలో పోసిన పన్నీరే. లోకం నమ్మదు.

మంచి పద్ధతే. కాదనను. కానీ ఈ మహానుభావులు ఒక అడుగు ముందుకేశారు. నివురు మేలుకుంటే ఇనుము వేడెక్కుతుంది, ఆ వేడిని చూసి ఎవరైనా తెలివైనవాడు జవాబు కనిపెట్టేస్తాడు అని, ఇనుము ఉష్ణోగ్రతను కూడా పెట్టెలో పెట్టి తాళం వేశారు. నాకు ముందున్న సేఫ్టీ ఆఫీసరు ఆ కాగితం మీద సంతకం పెట్టి హాయిగా రిటైరైపోయాడు. నేనొచ్చేనాటికి నా స్క్రీన్ మీద గుహలోని అన్ని కొలతలూ ఉన్నాయి, ఆ ఒక్క గడి తప్ప. అది బూడిదరంగులో ఉండేది.

మరునాడు నేనే గుహలోకి దిగి ఇనుము మీద చెయ్యి పెట్టాను. జ్వరం వచ్చిన బిడ్డ నుదురులా ఉంది. 

నేరుగా వేదవల్లి మేడం గదికి వెళ్ళాను. ఆవిడ అరవై దాటిన మనిషి, బక్కపలచన, ఎప్పుడూ నేత చీర, కళ్ళద్దాలు నెత్తి మీద. ఆవిడంటే నాకు భయం లేదు, గౌరవం ఉంది, దాని పక్కనే కాస్త చనువు ఉంది.

"మేడం, ఇనుం ఎచ్చగుంది. ఆ ఉష్ణోగ్రతల గీత నాకు చూపించండి."

ఆవిడ ఉలిక్కిపడి చెవులు మూసుకున్నంత పని చేసింది. "నాకు చెప్పకు! వెచ్చగా ఉందని నాకెందుకు చెప్పావు మద్దమ్మా?"

"చెప్పక ఏం జెయ్యల్ల? దాని మీద మనుషులు పనిజేస్తాండారు."

"ఎంత ఉంది? వద్దు, వద్దు, అది కూడా చెప్పకు." లేచి కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడింది. "నీ థర్మామీటరుతో నువ్వే కొలుచుకో. ఎవరు వద్దన్నారు?"

"ఇవాళ కొలుస్తాను. నిన్నెంత ఉందో, మొన్నెంత ఉందో, నెల కింద ఎంత ఉందో నాకెట్ల తెలుస్తుంది? జ్వరం తగ్గుతాందా పెరుగుతాందా తెలియకుండా ఏ డాక్టరైనా మందిస్తాడా?"

"పది రోజులు ఓపిక పట్టు. పెట్టె తెరుస్తాం."

"మీ పెట్టె పది రోజులు ఆగుతాది. గుహలోకి దిగేది రేపే కదా మేడం."

 ఆవిడ తాను వయసులో ఉన్నప్పటి మాట ఒకటి చెప్పింది. ఇలాగే ఒక కణం కనబడిందని ఆవిడా, వాళ్ళ గురువూ లోకానికి చాటారట. ఏడాది తిరగకుండానే అది ఒట్టి పొరపాటని తేలిందట. ఆశపడి చూశారు కాబట్టి కనబడింది. గురువు మళ్ళీ తలెత్తుకు తిరగలేదట. "అందుకే ఈ గంతలు. ఇవి విప్పితే నా కళ్ళను నేనే నమ్మను," అంది. ఆవిడ గొంతులో అబద్ధం లేదు, అదే నాకు దిక్కుతోచకుండా చేసింది. దొంగనైతే కాలరు పట్టుకోవచ్చు, ఒట్టు పెట్టుకున్న మనిషినేం చేస్తాం?

నా అధికారం నాకుంది. గుహలో పని ఆపించేశాను. ఆ సాయంత్రానికే డైరెక్టర్ వామనమూర్తి గారు మీటింగు పెట్టారు.

"అన్నం వేడిగా ఉందని గుహ మూసేశారటగా మేడం?" అన్నారు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు.

"ఔను సార్. కరెంటు లేని ఇనుం మీద అన్నం ఎచ్చగైతే మూయల్ల."

"ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుంది మీ వ్యవహారం. కొలవండి. పెరిగితే మూసే ఉంచుదాం. తగ్గితే తెరుద్దాం. యంత్రం మళ్ళీ మొదలుపెట్టే తేదీ నెత్తి మీద ఉంది."

కాదనడానికి లేదు, న్యాయమైన మాటే. రోజూ థర్మామీటరు పట్టుకుని దిగి కొలిచాను. మొదటి రోజు కన్నా రెండో రోజు కాస్త తగ్గింది. మూడో రోజు ఇంకాస్త. నా చేతిలో థర్మామీటరే నాకు ఎదురు సాక్ష్యం చెప్పింది. నెల కిందటి వేడి ఏదో మిగిలి ఉంది, మెల్లగా చల్లారుతోంది అని అందరూ తేల్చేశారు. వామనమూర్తి గారు గుహ తెరిపించారు. నా మనసు మాత్రం ఒప్పుకోలేదు. కరెంటు లేకుండా నెల రోజులు వెచ్చగా ఉన్నది మూడు రోజుల్లో బుద్ధిగా చల్లారుతుందా?

గుహ మళ్ళీ తెరిచిన రోజు పొద్దున బొరుగులతో ఉగ్గాని చేశాను. మిరపకాయ బజ్జీలు మా ఆయనే వేశాడు, నేను వేస్తే మాడుస్తానని ఆయన నమ్మకం.

"ఈ పొద్దు సెలవు పెట్టు," అన్నాను.

"ఎందుకంట?"

"నేను చెప్తాండా కాబట్టి."

"గుహలో ఎచ్చగుందని మా ఆడమనిషి పంపల్యా అని రాయమంటావా?" బజ్జీ నా పళ్ళెంలో వేశాడు. "ఏమ్మే, ముగ్గురు పిల్లోళ్ళను నన్ను నమ్మి పంపిస్తాండారు. నేను ఇంట్లో పండుకుని వాళ్ళను దిగమంటే బాగుంటాదా? నాకు భయమైతే వాళ్ళకు మాత్రం ప్రాణాలు కావా?"

"అందరూ మానేయండి."

"నీ థర్మామీటరే తగ్గుతాందని చెప్పె. ఇంగ నువ్వు దేన్ని నమ్ముతావే?"

 జవాబు లేనప్పుడు నాకు కోపం వస్తుంది. "పో, పోయి ఆ ఇనుమునే కట్టుకో," అన్నాను. ఆయన నవ్వుతూ చెప్పులేసుకుని పోయాడు. ఆయన పోయాక నేను తింటే ఉగ్గానిలో ఉప్పు ఎక్కువైందని తెలిసింది. ఆయన ఒక్క మాటా అనకుండా తినేశాడు.

ఆఫీసుకు పోయి నా కుర్చీలో కూచోలేకపోయాను. ఆ బూడిదరంగు గడి నన్నే చూస్తున్నట్టుంది. లేచి మళ్ళీ వేదవల్లి మేడం గదికి నడిచాను. తలుపు కూడా తట్టలేదు.

"మేడం, మీరు చూడొద్దు. మొహం అటు తిప్పుకోండి. తాళం తీసి నాకు చూపించండి. మీ కణంతో నాకు పని లేదు, అది ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. ఇనుం ఎచ్చన నాకు కావల్ల, అంతే."

"నువ్వు చూస్తే చాలు, నీ మొహం నాకు చెప్పేస్తుంది. నీ మొహంలో ఏదీ దాగదు." ఆవిడ లేచి నిలబడింది. "మద్దమ్మా, వారం రోజులు. ఒక్క వారం."

"మా ఆయన గుహలో ఉన్నాడు మేడం. ముగ్గురు పిల్లోళ్ళతో. మీరు ఒట్టు పెట్టుకున్నారు సరే. నాకూ ఒక ఒట్టుంది. దిగినోళ్ళను దిగినట్టు పైకి తీసకరావల్ల. నా ఒట్టు మీ పెట్టెలో పెట్టి తాళమేసుకున్నారు మీరు."

ఇలా అన్నానే గానీ నాకు ఏడుపు ముంచుకొస్తోంది. ఆవిడ నన్ను చూసింది. నెత్తి మీది కళ్ళద్దాలు దించి పెట్టుకుంది. ఆ పెట్టెకు కాపలా ఆవిడ మాట ఒక్కటే, తాళం తీసే మాట ఆవిడకే తెలుసు, తీసినట్టు ఎక్కడా గుర్తు కూడా పడదు. కుర్చీ లాక్కుని కూచుని తాళం తీసింది.

స్క్రీన్ మీద రెండు గీతలు వచ్చాయి. ఒకటి మెరుపులది, ఒకటి వేడిది. మెరుపులను చూసి మేడం నోరు తెరిచింది. నా చెయ్యి పట్టుకుంది. పిడికిట్లో వేళ్ళు నలిగిపోయేంత గట్టిగా పట్టుకుంది.

"ఉంది," అంది. "మద్దమ్మా, ఉంది! నివురు ఉంది!"

ఆవిడ కళ్ళనుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఒక మనిషి జీవితమంతా ఎదురుచూసినది ఎదుటపడితే ఎలా ఉంటుందో ఆ క్షణంలో చూశాను. కానీ నా చూపు రెండో గీత మీద ఉంది. వేడి మెల్లగా తగ్గుతోంది, ఒక్కసారి గెంతుతోంది. మళ్ళీ తగ్గుతోంది, మళ్ళీ గెంతుతోంది. ప్రతి గెంతూ ముందరి దాని కన్నా పెద్దది. ఒక గెంతుకీ ఇంకో గెంతుకీ మధ్య ఎడం తగ్గిపోతోంది. నేను థర్మామీటరు పట్టుకుని దిగిన రోజులు సరిగ్గా రెండు గెంతుల మధ్య పడ్డాయి.

"మేడం, ఇదేంది?"

ఆవిడ కళ్ళు తుడుచుకుని చూసింది. మొహంలో రంగు పోయింది. "ఒకటి మేలుకుంటే పక్కదాన్ని లేపుతోంది," అంది నెమ్మదిగా. "వీధిలో ఒక కుక్క మొరిగితే ఊళ్ళో కుక్కలన్నీ లేచినట్టు. ఇలా అవుతుందని ఎవరూ అనుకోలేదు. ఎవరూ..."

"తర్వాతి గెంతు ఎప్పుడు?"

ఆవిడ వేలితో గీత మీద కొలిచింది. ఫోన్ నా వైపు తోసింది.

కంట్రోల్ రూముకు ఫోన్ చేస్తే ఎంగేజ్. మళ్ళీ చేసినా ఎంగేజ్. చెప్పులు అక్కడే విడిచి పరుగెత్తాను. ఆ ఎండలో తారురోడ్డు మీద ఎలా పరుగెత్తానో నాకు తెలియదు, అరికాళ్ళు బొబ్బలెక్కాయని రెండు రోజుల తర్వాత చూసుకున్నాను.

కంట్రోల్ రూములో రిజ్వానా ఒక్కతే ఉంది. నిరుడే చేరిన ఆపరేటరు, చలాకీ పిల్ల. ఫోన్ పెట్టేసి విసుక్కుంటోంది. "మళ్ళీ పిచ్చుక గొంతు పెట్టినారు మేడం! పనీపాటా లేదా వీళ్ళకు?"

గుహలో పనిచేసే కుర్రాళ్ళకు ఇదొక వినోదం. హీలియం పీలిస్తే గొంతు సన్నబడి పిచ్చుక కూసినట్టు వస్తుంది. సిలిండరు నుంచి కాస్త పీల్చి కంట్రోల్ రూముకు ఫోన్ చేసి, "నేను డైరెక్టర్ని మాట్లాడుతున్నా" అని ఆటపట్టించడం మామూలే. ఎన్నిసార్లు తిట్టినా మానలేదు. రిజ్వానా కూడా ఎన్నోసార్లు పకపకా నవ్వి పెట్టేసింది. ఆ పూటా పెట్టేసింది.

"ఎన్నిసార్లు చేసినారు?" అన్నాను.

"రెండుసార్లు మేడం. రెండోసారి గట్టిగానే తిట్టి..."

ఫోన్ మళ్ళీ మోగింది. నేనే తీసి ఎవరని అడిగాను.

"మద్దీ," అంది అవతల సన్నటి గొంతు. చిన్న పిల్లవాడి బొమ్మ మాట్లాడినట్టుంది. "నేనేమే. నవ్వొద్దు."

నన్ను మద్దీ అని పిలిచే మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు.

"లిఫ్టు దారిలో ఫ్యాన్ ఎయ్యండి. పిల్లోళ్ళు ముగ్గురూ లిఫ్టెక్కినారు. పైకంతా హీలియమే పోతాంది. ఫ్యాన్ ఎయ్యకుంటే దారిలోనే సచ్చిపోతారు."

రిసీవరులోంచి ఆ మాట వినబడగానే, నేను చెప్పే లోపలే రిజ్వానా చెయ్యి ఫ్యాన్ మీట మీద పడింది. స్క్రీన్ మీద ఫ్యాన్లు తిరిగాయి. అప్పుడే ఆక్సిజన్ అలారం మొదలైంది. గెంతిన వేడికి అయస్కాంతంలోని హీలియం ఆవిరై, వాల్వు తోసుకుని గుహలోకి వచ్చి గాలిని నెట్టేస్తోంది. అలారం పెట్టెలు మనుషులు తిరిగే ఎత్తులో ఉన్నాయి. తేలికైన హీలియం ముందు గుహ పైకప్పు కింద నిండి, తర్వాత కిందికి దిగింది. పైన మంచె మీద పనిచేస్తున్న మా ఆయనకు అలారం కన్నా ముందే తెలిసింది. ఆయనతో పాటు మంచె మీదున్న కంబగిరి తర్వాత ఏడుస్తూ చెప్పాడు. మాట్లాడుతుంటే ఇద్దరి గొంతులూ పిచ్చుకల్లా మారాయట, ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారట. ముందుగా నవ్వు ఆపింది మా ఆయనేనట.

"ఏసినాం! ఫ్యాన్ ఏసినాం! నువ్వు యాడుండావు?"

"ఫోన్ కాడ."

"వాళ్ళతో ఎందుకెక్కల్యా నువ్వు?"

"ఫోన్ ఎవురు జేస్తారే?"

"పండుకో! నేల మీద పండుకో, గాలి నేల మీదే ఉంటాది. సొరంగం తలుపు కాడికి పాకు. మాట్లాడొద్దు. ఊపిరి నిలుపుకో. పాకు!"

"పాకతాండా," అన్నాడు. ఇంకా సన్నబడింది గొంతు. ఆ గొంతుతోనే ఏదో అన్నాడు, నాకు అర్థం కాలేదు. రిసీవరు గోడకు కొట్టుకున్న చప్పుడు. తర్వాత ఆవిరి బుసకొట్టే చప్పుడు. నేను అరుస్తూనే ఉన్నాను. పాకు, పాకు అని. ఎంతసేపు అరిచానో తెలియదు. రిజ్వానా వచ్చి నా భుజాల మీద చేతులు వేసి నిలబడింది.

ముగ్గురు పిల్లోళ్ళూ బతికారు. మా ఆయన సొరంగం తలుపు దగ్గర దొరికాడు. చెయ్యి గొళ్ళెం మీద ఉందట.

రిజ్వానాను నేనేమీ అనలేదు. రోజూ వచ్చి నా గడపలో కూచునేది, తిట్టు అక్కా అనేది. తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఫోన్ పెట్టెయ్యడం ఆ పిల్లకు మేమందరం కలిసి నేర్పిన అలవాటు. నా కోపమంతా ఇంకెవరి మీదో ఉండాలి, ఎవరి మీదో తెలియక అందరి మీదా ఉండేది.

కర్మకాండలు అయ్యాక వేదవల్లి మేడం వచ్చింది. నెల రోజుల్లో పదేళ్ళు పైబడినట్టుంది. తాను రాసిన వ్యాసం తెచ్చింది. నివురు ఉందని, ఎక్కువ పోగుబడితే ఒకదాన్నొకటి లేపుతాయని, ఇనుము పక్కకు మనుషుల్ని పంపొద్దని రాసింది. చివర ఒక వాక్యం ఉంది. పెట్టెను నిర్ణయించిన రోజుకు ముందే తాను తెరిచి చూశానని.

"ఇది తీసేయండి," అన్నాను. "నాకూ మీకూ తప్ప ఎవరికీ తెలియదు. ఇది చదివితే ఒక్కరూ నమ్మరు."

"తీసేస్తే నేను రాసినదాంట్లో ఏ మాటా నిజం కాదు మద్దమ్మా."

"నిజం కోసమే కదా మేడం మా ఆయన పోయింది! ఇంగా ఎన్నాళ్ళు ఈ నిజం?" గట్టిగా అరిచాను. పక్కింటివాళ్ళు తొంగి చూశారు. ఆవిడ తల వంచుకుని కూచుంది. "నేను నాలుగు రోజుల ముందే తెరవాల్సింది," అంది చివరికి. "నువ్వు మొదట అడిగిన రోజే." ఆ మాట విన్నాక ఆవిడ మీద అరవలేకపోయాను. ఇద్దరం ఏడ్చాం.

ఆవిడ ఆ వాక్యం తీయలేదు. నేను చెప్పినట్టే అయింది. ముందే చూసినవాళ్ళ లెక్క చెల్లదన్నారు. ఆశతో చూసిన కళ్ళన్నారు. మా దగ్గర వేసిన విచారణ సంఘం పాతబడిన వాల్వు వల్లే హీలియం బయటపడిందని తేల్చింది. వాల్వు ఎందుకు తెరుచుకుందని ఎవరూ అడగలేదు. ఇనుము అప్పటికి చల్లారిపోయింది, నివురంతా ఆ రోజే మండిపోయింది. మళ్ళీ చూపించాలంటే యంత్రం మళ్ళీ నడపాలి, మళ్ళీ గుహలోకి ఎవర్నో దింపాలి. నేను బతికుండగా ఆ కాగితం మీద నా సంతకం పడదు.

ఇంతలో సముద్రాల అవతల మా దానికన్నా పెద్ద యంత్రం తన మొదటి విడత పూర్తి చేసుకుని ఆగింది. అందులోనూ నివురును వెతుకుతున్నారు. ఇనుము ఎక్కువ, ప్రోటాన్లు ఎక్కువ. మా పద్ధతే వాళ్ళ పద్ధతి, ఉష్ణోగ్రతకు కూడా తాళం వేశారు. మేడం ఉత్తరం మీద ఉత్తరం రాసింది. మర్యాదగా జవాబులొచ్చాయి. ఒకరోజు ఆవిడ ఫోన్లో ఆ యంత్రం పెద్దాయనతో మాట్లాడుతుంటే నేను పక్కనే ఉన్నాను. మధ్యలో ఏ భాషనైనా మార్చి వినిపించే యంత్రం ఉంది. ఆవిడ చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెబుతోంది. ఫోన్ లాక్కున్నాను.

"అయ్యా, నేను ఇక్కడ సేఫ్టీ ఆఫీసర్ని," అన్నాను.

"మీ నష్టం గురించి చదివాను. చాలా బాధాకరం," అన్నాడు ఆయన. మంచివాడే, గొంతులో తెలుస్తోంది. "కానీ ఆధారం లేకుండా మా పెట్టె తెరవలేం. మీరు అర్థం చేసుకోగలరు. ఆర్నెల్లలో మేమే తెరుస్తాం. నిజమైతే ప్రపంచానికి మేమే చెబుతాం."

"పెట్టె సంగతి నేనడగల్యా. ఈ పొద్దు మీ గుహలోకి ఎవరన్నా దిగినారా?"

"మెయింటెనెన్స్ వాళ్ళు. మామూలే."

"వాళ్ళ పెద్ద ఎవరు? పేరు చెప్పండి."

 యంత్రం నా మాటను సరిగ్గా చెప్పిందో లేదోనని మళ్ళీ అడిగాను.

"పేరు... నా దగ్గర లేదు," అన్నాడు.

"కనుక్కోండి. కనుక్కుని, ఆ మనిషిని పైకి పిలిపించి, ఆయన చేతికి ఫోనియ్యండి. అంతవరకూ నేను పెట్టెయ్యను."

వీలు కాదంటాడని అనుకున్నాను. పోట్లాడడానికి కొంగు బిగించి కూచున్నాను.  కుర్చీ జరిగిన చప్పుడు, తలుపు తెరిచిన చప్పుడు వినిపించాయి. మేడం నా చెయ్యి పట్టుకుంది. చాలాసేపు గడిచింది. వేదవల్లి మేడం ఒకసారి నీళ్ళు తెచ్చిచ్చింది, తాగలేదు.

ఆఖరికి అవతల ఎవరో ఫోన్ అందుకున్నారు. రొప్పుతున్నాడు, లిఫ్టు దిగి నడిచొచ్చినట్టున్నాడు. యంత్రం మార్చి చెప్పకముందే ఆ గొంతు విన్నాను. బొంగురు గొంతు. నిబ్బరమైన, మామూలు మగమనిషి గొంతు. "హలో" అంది.

 కళ్ళు తుడుచుకుని, గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను.

"అయ్యా, నా పేరు మద్దమ్మ. నీ మాదిరి గుహలోకి దిగే మనిషి పెండ్లాన్ని. నువ్వు ఫోన్ పెట్టెయ్యొద్దు. నా మాట మొత్తం ఇను."

అతను పెట్టెయ్యలేదు.